ప్లాస్టర్ కింద అంకె

మా మేనత్తను ఆసుపత్రిలో అందరూ దోమక్క అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె పని రక్త నమూనాలు తీయడం. సూది దిగిందీ వచ్చిందీ తెలియక, "దోమ కుట్టిందంతే" అని తల్లితో చెప్పిన ఒక చిన్నారి పుణ్యమా అని ఆ పేరు స్థిరపడింది. నరం దొరకని వృద్ధులున్నా, పసిబిడ్డలున్నా వార్డుల నుంచి ఆమెకే కబురు వస్తుంది.

ఇంట్లో ఆమె కాలక్షేపం పెరట్లోకి వచ్చే పిట్టలను ఫొటో తీయడం. కుళాయి పక్కన మట్టి పళ్లెంలో నీళ్లు పోసి, వంటింటి గుమ్మంలో కుంటి స్టూలు మీద కూర్చుంటుంది. పిచ్చుకలు జలకాలాడి పోతాయి. అప్పుడప్పుడు ఒక ఉడుత వచ్చి, నీళ్లు తాగి, ఆమెను ఎగాదిగా చూసి వెళుతుంది.

కెమెరా ఎవరో వాడి అమ్మేసినది, తొమ్మిదేళ్ల కిందట అత్త ఒక దుకాణంలో కొంది. దాని నెత్తిన అంకెల చక్రం ఒకటుంది. రెక్కలు కొట్టుకునే పిట్ట స్పష్టంగా పడాలంటే అది వెయ్యి దగ్గర ఉండాలనీ, అప్పుడు సెకనులో వెయ్యో వంతు సేపే కెమెరా కన్ను తెరుచుకుంటుందనీ దుకాణదారు చెప్పాడు. ఒకసారి సరిచేసిన మిషన్‌ను మరొకరు ముట్టుకోకూడదన్నది ల్యాబ్‌లో అత్త నియమం. కొన్న రోజే ఆ చక్రాన్ని వెయ్యి దగ్గర పెట్టి, దాని మీద సూది గుచ్చినచోట వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించింది.

మొన్న సెలవులకు నేను వెళ్లేసరికి కెమెరా బీరువాలో ఉంది. గుమ్మంలోని స్టూలు మీద మామయ్య పేపరు చదువుకుంటున్నాడు.

"అత్త ఫొటోలు మానేసిందా మామయ్యా?"

"పిట్టలతో చెడినట్టుంది. ఈ మధ్య నా జోలికీ రావడం లేదు. మూడు నెలలకోసారి షుగర్ పరీక్షంటూ నా చెయ్యి పట్టుకునేది. ఈసారి ఆ ఊసే లేదు. గుర్తుచెయ్యడానికి నాకేమైనా పిచ్చా!"

ఆ మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుండగా, ఆరిన బట్టలు మడతపెడుతూ అత్త నా చేతికొక కాగితం ఇచ్చింది. తనను సూది పని నుంచి తప్పించి, రిజిస్టర్లు రాసే పనికి మార్చమని కోరుతూ రాసిన ఉత్తరమది.

"సోమవారం ఇచ్చేస్తాను. చేతులు వణుకుతున్నాయే. నాన్నకి వచ్చినట్టే. మీ మామయ్యకి చెప్పకు."

తాత చివరి ఏళ్లలో చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. అది నాకూ గుర్తుంది.

"సూది పట్టుకున్నప్పుడు వణికాయా?"

"ఇంకా లేదు. కెమెరా చెబుతోంది. నెలన్నరగా ఒక్క ఫొటో సరిగ్గా రావడం లేదు. సూది కూడా చెప్పేదాకా ఆగమంటావా? ఏ పసిబిడ్డ చెయ్యో కుళ్లబొడిచేదాకా?"

ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి తేదీల వరుసలో పెట్టాను. ఒక ఆదివారం దాకా అన్నీ స్పష్టంగా ఉన్నాయి, కాస్త చీకటిగా. సోమవారం నుంచి అన్నీ చెదిరిపోయాయి, పైగా మంచి వెలుగుతో. తాత చేతికి వణుకు ఏళ్ల తరబడి మెల్లగా ముదిరింది. ఒక్క రాత్రిలో మొదలయ్యే వణుకు, అందులోనూ వెలుగును వెంటబెట్టుకొచ్చేది, నాకు నమ్మశక్యంగా కనిపించలేదు. ఒక ఫొటోను పెద్దది చేశాను. పిచ్చుక ఉండవలసినచోట గోధుమరంగు పొగ ఉంది. దాని కింద పళ్లెం అంచున ఉన్న పగులు మాత్రం వెంట్రుకంత సన్నగా, గీత గీసినట్టు కనిపిస్తోంది.

"అత్తా, పిట్టని వదిలెయ్. పళ్లెం చూడు."

"పళ్లేనికేం, అది కదలదు కదా!"

"అది కదల్లేదు సరే. నీ చెయ్యి కదిలి ఉంటే పళ్లెం కూడా చెదిరేదిగా?"

అత్త కళ్లద్దాలు పెట్టుకుంది. ఆ ఫొటో తర్వాత ఇంకొకటి, అలా పదకొండు ఫొటోలు చూసింది. నెలన్నరగా ఆమె చూపు పిట్ట మీదే ఉంది. పళ్లెం వంక ఒక్కసారి కూడా పోలేదు. లేచి బీరువాలోంచి కెమెరా తెచ్చింది.

"ఇదిగో, ప్లాస్టర్ వేసింది వేసినట్టే ఉంది. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు."

నిద్రలేచి వచ్చి మళ్లీ గుమ్మంలో కూర్చున్న మామయ్య పేపరు కొంచెం కిందికి దిగింది.

"ముట్టుకోలేదని కాదు... పీకి, మళ్లీ అంటించానుగా."

ఇద్దరం అటు తిరిగాం.

"పిట్టలన్నీ బొగ్గులో పొర్లాడినట్టు వస్తున్నాయని నువ్వేగా గొణిగావు! ఆ చక్రం తిప్పితే వెలుగు పెరిగింది. పాత ముక్క చిరిగిందని కొత్తది కత్తిరించి నీటుగా వేశాను. చూసి మెచ్చుకుంటావనుకున్నా."

అత్త ప్లాస్టర్ ఒలిచింది. చక్రం ముప్పై దగ్గర ఉంది. వెయ్యో వంతు సేపు తెరుచుకోవలసిన కన్ను సెకనులో ముప్పయ్యో వంతు సేపు తెరుచుకుంటూ వచ్చింది. అంతసేపు చేత్తో పట్టుకున్నా పళ్లెం పగులు చెదరలేదు.

"ఆ చేతులు మామూలువి కావు అత్తా," అన్నాను.

అత్త రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది. తర్వాత మడతపెట్టిన తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందిప్పుడు? ఫొటోలేగా!" అన్నాడు మామయ్య కంగారుగా.

నేను ఉత్తరం ఆయన చేతికిచ్చాను. చదివి, పేపరు పక్కన పడేసి అత్త దగ్గరకొచ్చాడు.

"నెలన్నర ఒక్కదానివే మోశావా? నాతో ఒక్క ముక్క అంటే ఏం పోయేది?"

"మీరూ ఒక్క ముక్క అనాల్సింది," అంది అత్త తువ్వాలు వెనక నుంచి. అప్పుడు నవ్విందని గొంతును బట్టి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఆ ఉత్తరం నాలుగు మడతలై కుంటి స్టూలు కాలి కిందకు చేరింది. స్టూలు మీద మామయ్య ఉన్నాడు.

"చెయ్యి చాపండి."

"ఇవాళే చెయ్యాలా? చేతులు బాగున్నాయని నిన్ననేగా తేలింది, రెండు రోజులు విశ్రాంతి ఇవ్వొచ్చుగా వాటికి!" అంటూనే చెయ్యి చాపి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఊఁ, ఇక మొదలుపెట్టు."

"అయిపోయింది. దూది నొక్కి పట్టుకోండి."

సూది గుచ్చినచోట ప్లాస్టర్ వేసింది. మిగిలిన ముక్కను, వెయ్యి దగ్గరకు తిప్పి ఉంచిన కెమెరా చక్రం మీద అంటించి, పైన పెన్నుతో "మామయ్య ముట్టుకోరాదు" అని రాయమని నాకిచ్చింది. రాశాను.