చెక్క నేల ఆరేదాకా

చెల్లెలు పెళ్లి చేసుకుని మారేడ్‌పల్లి వెళ్లిపోయాక నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, మేడ మీద చెక్క నేల వేయించడం. ఆ మాట ఆఫీసులో అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. అయినా వేయించాను. మెట్టుగూడ సందులో, రైలు కూతను బట్టి టైము చెప్పగలిగే పాత ఇంట్లో ఒక్కతే ఉండే యాభై దాటిన ఆడమనిషికి డెక్కు ఎందుకని ఎవరైనా అడిగితే, నా దగ్గర జవాబు లేకపోలేదు. అది పైకి చెప్పుకునే జవాబు కాదు, అంతే.

నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, రిటైరయ్యే ముందు ఈ ఇల్లు కొన్నారు. కొన్నాక గాని గమనించలేదు, మేడ మెట్లు ఈశాన్యంలో ఉన్నాయని. ఇక బతికినంత కాలం ఇల్లు అమ్మినవాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నారు. మా అక్కచెల్లెళ్లకి సంబంధాలు కుదరకపోవడానికీ, అమ్మ మోకాళ్ల నొప్పులకీ, ఆఖరికి పాలు విరిగిపోయినా ఆ మెట్లే కారణం. మెట్లు కదిపే స్తోమత లేక, పరిహారంగా ఒక నియమం పెట్టారు. ఇంట్లో ఏ పనైనా ఈశాన్యం మూల నుంచే మొదలుపెట్టాలి. సున్నం వేసినా అంతే, గచ్చు కడిగినా అంతే. నాకు వాస్తు మీద బొత్తిగా నమ్మకం లేదు. కానీ ఇప్పటికీ చీపురు పట్టుకుంటే కాళ్లు ఆ మూలకే పోతాయి.

అమ్మా నాన్నా పోయాక మేమిద్దరమే మిగిలాం. నేను ఆఫీసుకీ, అది బడికీ. అది ఎనిమిదో క్లాసుకి లెక్కలు చెప్పేది. వేసవి సాయంత్రాల్లో కాఫీ గ్లాసులు పట్టుకుని మేడెక్కేవాళ్లం. గచ్చు అప్పటికింకా నిప్పులా కాలుతూ ఉండేది. చెల్లెలికి ఇంట్లో చెప్పులు వేసుకోవడం అలవాటు లేదు. ఒక కాలు మీద ఒక కాలు మార్చుకుంటూ, ఎవరో పెళ్లికి వెళ్లి ఏదో రిసార్టులో చూసిన చెక్క నేల గురించి చెప్పేది. "మనం కూడా ఇక్కడ చెక్క వేయించుకుంటే ఎంత బాగుంటాదక్కా." డబ్బులేమైనా చెట్లకి కాస్తున్నాయా అని నేను కసిరేదాన్ని. అక్కడితో ఆ సంభాషణ అయిపోయేది. మళ్లీ ఎండాకాలంలో మొదలయ్యేది.

నలభై నాలుగేళ్లకి దానికి పెళ్లి కుదిరింది. వాళ్ల బళ్లోనే సైన్సు చెప్పే ఆయన. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు, మాట నెమ్మది. నేనే పీటల మీద కూర్చోబెట్టి మాఘమాసంలో పెళ్లి చేశాను. అప్పగింతల్లో అందరూ నా మొహంలోకి చూశారు గాని నాకు ఏడుపు రాలేదు. తర్వాతెప్పుడో వంటింట్లో, కందిపప్పు డబ్బా ముందు వచ్చింది. ఒక్క మనిషికి ఎంత పప్పు పోయాలో నాకు తెలియలేదు.

మారేడ్‌పల్లి ఎంత దూరమని. ఆటో ఎక్కితే ఒక సినిమా పాట అయ్యేలోపు వచ్చేస్తుంది. చెల్లెలు వచ్చేది కూడా. కాకపోతే వచ్చినప్పుడల్లా చెప్పులు వీధివైపు తిప్పి విడిచేది. ఫోన్లో మాట్లాడితే వెనక హారన్లు వినిపించేవి. ఎక్కడికో వెళ్తూ వెళ్తూ, ఆ దారి ఖాళీలో నాతో మాట్లాడేది. నాకు కోపం వచ్చేది. ఆ కోపం దాని మీద కాదు గాని, చూపించడానికి ఇంకెవరూ లేరు.

అప్పుడు గుర్తొచ్చింది ఆషాఢం. కొత్తగా పెళ్లయిన పిల్ల ఆషాఢమాసంలో అత్తగారున్న ఇంట్లో ఉండకూడదు, నెల రోజులూ పుట్టింటికి వచ్చేయాలి. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదంటారు. మా అమ్మ వచ్చింది, మా మేనత్తలు వచ్చారు. ఇది మాత్రం ఎందుకు రాదు? పుట్టిల్లంటే ఇప్పుడు నేనే కదా. వాళ్ల అత్తగారు ఎప్పుడో కాలం చేసిందన్న సంగతి నాకు తెలియక కాదు. ఆచారానికి అన్ని లెక్కలు అక్కర్లేదని సర్దిచెప్పుకున్నాను. ఆషాఢం లోపల డెక్కు సిద్ధం చేయాలి. అది వచ్చి నెల రోజులు చెప్పుల్లేకుండా తిరగాలి. ఎవరికీ చెప్పుకోని జవాబు అదే.

మేస్త్రీ పైన్ రకం చెక్క పలకలు తెచ్చి, కింద ఇనుప చట్రం బిగించి, వరసగా పరిచి వెళ్లాడు. ఈశాన్యంలో మెట్ల గుమ్మం దగ్గర నుంచి నైరుతిలో నీళ్ల ట్యాంకు దిమ్మ దాకా మేడంతా పరుచుకుంది. చెల్లెలికి ఫోన్లో చెప్పాను గాని, అది ఇంకా మేడెక్కి చూడలేదు. "పాలిష్ ఇప్పుడే వద్దమ్మా," అన్నాడు. "కట్టె జెర ఎండనియ్యిర్రి. వానలు షురూ గాకముందు కొట్టుకుంటే అయిపాయె. మనోణ్ణి పంపిస్త, ఆదివారం పక్కా." ఆ ఆదివారం ఏ ఆదివారమో ఆయన చెప్పలేదు. చాలా ఆదివారాలు వచ్చి పోయాయి, ఆయన మనిషి మాత్రం రాలేదు. సరే, నా ఆదివారాలకి మాత్రం వేరే పనేముంది, నేనే వేసుకుంటానని స్టేషన్ దగ్గర రంగుల షాపుకి వెళ్లాను.

షాపాయన ముందు అద్దంలా మెరిసే డబ్బా చూపించాడు. "షోరూమ్ లెక్క ఉంటది మేడం."

"జారదా?"

"తడి కాళ్లతోని నడిస్తే జెర జారుతది."

చెల్లెలు పొడి నేల మీదే జారే రకం. అది వద్దన్నాను. రెండోది నీళ్లలో కలిసే సీలర్ అనే పూత. "గంటల ఆరిపోతది, వాసన సుత రాదు. అందరు గిదే కొంటున్నరు." అందరూ కొంటున్నారంటే నాకు ముందే అనుమానం. ఒక చెక్క ముక్క మీద రాసి ఆరబెట్టి ఉంచాడు. వేలితో రుద్ది చూశాను. పైన ప్లాస్టిక్ కవరు తొడిగినట్టుంది. మూడోది నూనె. "ఇది కట్టె లోపలికి గుంజుకుంటది మేడం. పైన మెరుపు ఉండదు, కాళ్లకు కట్టెనే తగుల్తది. కని పరేషాన్ ఏందంటే, పొద్దుగాల కొడితే పొద్దుమీకే దాంక కాలు పెట్టొద్దు. రెండు కోటింగులు వెయ్యాలె. మళ్ల ఏడాదికోసారి వేస్కుంటనే ఉండాలె."

కాళ్లకు చెక్కే తగులుతుందన్నాక ఇంకేం వినలేదు. నూనె డబ్బా, బ్రష్షు, ఉప్పు కాగితం కట్టించుకుని వచ్చాను.

జ్యేష్ఠం చివరి ఆదివారం పొద్దున్నే చెక్క మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూశాను. ముత్యాల్లా నిలబడితే ఇంకా ఆగాలట, ఇంకిపోతే వేయొచ్చట. ఇంకిపోయాయి. ముందు వారాల్లోనే ఉప్పు కాగితంతో రుద్ది ఉంచాను గనక, తడిగుడ్డతో దుమ్ము తుడిచి ఎండనిచ్చాను. ఫోనుకి నూనె అంటుకుంటుందని గుమ్మం లోపల మెట్టు మీద పెట్టాను. ఆదివారం పదకొండు దాటాక చెల్లెలు ఫోను చేస్తుంది. ఈసారి ఆషాఢం సంగతి అడిగేయాలి. ఎలా మొదలుపెట్టాలో మనసులో చెప్పుకుంటూ, బ్రష్షు ముంచి, ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టాను.

చెక్క పొడవునా బ్రష్షు లాగాలి, ఎక్కువైన నూనెను గుడ్డతో ఒత్తి తీసేయాలి. పాలిపోయిన చెక్క పలక పలకా టీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంటే, చాలా రోజుల తర్వాత నేను దేని గురించీ ఆలోచించలేదు. ఒక్కో పలకా పూర్తిచేస్తూ వెనక్కి జరిగాను. ఎండ నెత్తి మీదకి వచ్చింది. ఇంకొంచెం వెనక్కి జరిగేసరికి మడమకి ట్యాంకు దిమ్మ తగిలింది.

లేచి నిలబడి చూసుకున్నాను. ఇటు పక్క నేను, ట్యాంకు, దాని నీడలో మిగిలిన జానెడు పొడి చెక్క. అటు పక్క గుమ్మం. మధ్యలో మేడంతా తడి నూనె. అప్పుడే మెట్టు మీద ఫోను మోగింది.

ఇద్దరున్న ఇంట్లో ఇది జరగదు. ఒకరు నూనె వేస్తుంటే రెండోవాళ్లు గుమ్మంలో నిలబడి, అటునుంచి మొదలుపెట్టవే మొద్దూ అంటారు. ఫోను ఆగి మళ్లీ మోగింది. నడిచి వెళ్లిపోవచ్చు. కానీ నా కాళ్ల అచ్చులు ఆ మేర చెక్కలో దిగిపోతాయి. చెల్లెలి కోసం వేయించిన నేల మీద మొదటి అడుగులు నావి పడడం నాకిష్టం లేకపోయింది. దిమ్మ మీద కూర్చున్నాను. ట్యాంకు పంపు తిప్పి దోసిలితో నీళ్లు తాగాను. ఫోను మోగుతూనే ఉంది, ఆ తర్వాత ఊరుకుంది.

కొంతసేపటికి కింద తాళం తీసిన చప్పుడైంది. ఈ ఇంటి తాళం చెవి ఇంకొకటి ఒక్కళ్ల దగ్గరే ఉంది. మెట్ల మీద పరుగు, గుమ్మంలో చెల్లెలు. జుట్టు సరిగా దువ్వుకోలేదు. ఇంట్లో కట్టుకునే చీరలోనే వచ్చేసింది.

"ఏటైందక్కా? ఫోనెత్తవేటి?"

"కాలు పెట్టకు," అని అరిచాను. అన్ని నెలల తర్వాత అది పరుగెత్తుకొస్తే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

అది ఆగిపోయింది. నా వైపూ, తడి చెక్క వైపూ, మళ్లీ నా వైపూ చూసింది. "ఈశాన్యం నుంచి మొదలెట్టావా?" అంది. అది గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. "నడిచి వచ్చీయి, ఆ అడుగుల మీద మళ్లీ రాసీయొచ్చు," అంది. ససేమిరా అన్నాను. "ఎన్ని గంటలు పడతాదేటి ఆరడానికి?"

"పొద్దుగుంకేదాకా."

అది కిందికి వెళ్లింది. వెళ్లిపోయిందేమో అనుకున్నాను. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వచ్చింది. కాసేపటికి పైకొచ్చి, "ఫ్రిజ్జులో బ్రెడ్డు తప్ప ఏమీ లేదేటక్కా, వండుకోవట్లేదా?" అని మేడ ఆ చివర నుంచి ఈ చివరకి వినపడేలా అడిగింది. పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తల తిప్పింది. ఆదివారం కదా బద్ధకించానన్నాను. అది నమ్మలేదు. ఉప్మా పెట్టిన స్టీలు డబ్బాని సంచిలో మూటగట్టి, చేయి ఊపి విసిరింది. చిన్నప్పుడు మామిడికాయలు పట్టినట్టే పట్టుకున్నాను. తను ఒక పళ్లెంలో పెట్టుకుని గడప మీద కూర్చుంది. నేను దిమ్మ మీద కూర్చున్నాను. ఇద్దరం ఉప్మా తిన్నాం.

అలా ఆ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నాం. వాళ్ల హెడ్‌మాస్టర్ గురించి, మా ఆఫీసు లిఫ్టు గురించి, నాన్న తిట్టే తిట్ల గురించి. అది ఎక్కడికో వెళ్లే దారిలో లేదు, వెనక హారన్లు లేవు. మాఘం తర్వాత అది నా ఎదురుగా అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. ధైర్యం తెచ్చుకుని అడిగేశాను.

"ఆషాఢానికి వచ్చేస్తావా? నెల రోజులూ?"

అది పళ్లెంలో వేలితో గీతలు గీసింది. "అత్తగారు లేరు కదక్కా."

"లేకపోతే? ఆచారం ఆచారమే."

"ఈ వయసులో పెట్టె పట్టుకుని పుట్టింటికి వస్తే నవ్వరా?"

"ఎవరే నవ్వేది? ఉన్నది నేనొక్కదాన్నే."

అది పళ్లెం గడప పక్కన పెట్టింది. తర్వాత తల ఎత్తి, నెమ్మదిగా అంది. "నాకు అక్కడే బాగుందక్కా."

ఆయనకి ఇబ్బందనో, బడి తెరిచారనో అంటే దెబ్బలాడేదాన్ని. దానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. దీనికి లేవు. చిన్నప్పటి నుంచీ అది సుఖంగా ఉండాలనే కోరుకున్నాను, అది అబద్ధం కాదు. అలాంటిది, అది సుఖంగా ఉందని దాని నోటితోనే వింటే గుండెలో కలుక్కుమనడమేమిటో నాకు అర్థం కాలేదు. మంచిదేనన్నాను. గొంతు బాగానే వచ్చింది. దూరం వల్ల మొహం కనపడి ఉండదు.

ఎండ వాలాక వేలితో తాకి చూస్తే చెక్క అంటుకోలేదు. జాగ్రత్తగా అడుగులేస్తూ గుమ్మం దాకా వచ్చాను. నూనె బాగా ఇంకింది, కాళ్లకి నిజంగానే చెక్క తగిలింది. నువ్వొకసారి నడిచి చూడవే అన్నాను. అది టైము చూసుకుని, ఆయన కంగారు పడుతుంటారని, ఈసారి వచ్చినప్పుడు నడుస్తానంది. కింద టీ కూడా తాగలేదు. గుమ్మంలో చూశాను. కంగారులో విడిచిన చెప్పులు, ఒకటి ఇటూ ఒకటి అటూ పడి ఉన్నాయి. వేసుకుంటూ, "రెండో కోటు ఆ మూల నుంచి మొదలెట్టు, ట్యాంకు దగ్గర నుంచి," అని నవ్వుతూ చెప్పి ఆటో ఎక్కింది.

రెండో కోటు మర్నాడే వేయొచ్చని డబ్బా మీద ఉంది. నేను మళ్లీ ఆదివారం దాకా ఆగాను. ఆషాఢం వచ్చేసింది. వాన మాత్రం ఇంకా రాలేదు. చెక్క తుడిచి, ఎండనిచ్చి, బ్రష్షు తీశాను. ట్యాంకు దగ్గర నుంచి మొదలుపెడితే పని చేసుకుంటూ నేరుగా గుమ్మంలోకి వచ్చేయొచ్చు, ఎవరినీ కంగారు పెట్టక్కర్లేదు. ఆ మాత్రం నాకూ తెలుసు.

పదకొండుకి ఇంకా చాలా టైముంది. ఫోను సౌండు పూర్తిగా పెంచి గుమ్మం లోపల మెట్టు మీద పెట్టాను. ఈసారి నాన్న కోసం కాదు. ఈశాన్యం మూల నుంచే మొదలుపెట్టాను.