గ్యాసు బండికి గ్యాసు వాసన

మా అక్క మొగుణ్ణి అందరూ ముక్కు మేస్త్రి అంటారు. ముక్కు పెద్దదని కాదు, నిజానికది ఉందా లేదా అన్నట్టుండే చప్పిడి ముక్కు. బండి వచ్చి అతని మెకానిక్ షెడ్డు గుమ్మంలో ఆగిందో లేదో, బానెట్ ఎత్తకుండానే ఓసారి గాలి పీల్చి జబ్బు చెప్పేసేవాడు. క్లచ్ ప్లేటు కాలిందనీ, ఆయిలు సైలెన్సర్ మీద కారుతోందనీ, ఎక్కడో వైరు కమురుతోందనీ. వైరయితే బండిని పక్కనున్న నా కొట్టుకి తోసేవాడు, ఎందుకంటే నాది కార్ల కరెంటు పని. ఇరవయ్యేళ్ళలో ఆ ముక్కు నాకు తెలిసి రెండుసార్లే తప్పింది. రెండుసార్లూ నెపం జలుబు మీదికి తోసేశాడు.

ఎండలు ముదిరాక ఒక గ్యాసు కారు వచ్చింది. పెట్రోలు బండికి తర్వాత గ్యాసు కిట్టు బిగించిన రకం. నడిపేది ముప్పై దాటిన ఒకావిడ. బండి ఆవిడది కాదు, మూడు కార్లు అద్దెకి తిప్పే ఒక ఓనరుది. ఇంజను ఇంకా వేడెక్కకుండానే రేడియేటర్ పైపు రాయిలా బిగుసుకుంటోంది. నీళ్ళ డబ్బా పొంగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ వచ్చి బండి కుంటుతోంది.

బావ డబ్బా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టి చూసి, నడుం ఎత్తాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోయిందమ్మా. నీళ్ళు లేకుండా నడిపావు."

"నేనా? పొద్దున్నే నీళ్ళు చూసుకోకుండా తాళం తిప్పను మేస్త్రిగారూ. అయినా ఆ నీళ్ళలో గ్యాసు వాసన వస్తోంది, చూడండి."

"గ్యాసు బండికి గ్యాసు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా?"

షెడ్డులో ఉన్నవాళ్ళందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. తమాషా ఏమిటంటే, ఆ వాసన నాకూ తగిలింది. కానీ అంతటి ముక్కే కొట్టిపారేశాక నా ముక్కెంత అనుకుని ఊరుకున్నాను.

ఇంజను పైభాగం, అంటే హెడ్డు, ఊడదీశారు, లేత్ మీద చదును చేయించారు, దాని కింద నీళ్ళు లోపలికి దిగకుండా ఉండే గ్యాస్కెట్ కొత్తది వేశారు. మూడో రోజు పొద్దున బండి మళ్ళీ గుమ్మంలో ఉంది, అదే జబ్బుతో. ఓనరు ఫోన్ చేస్తే బావ ఏమాత్రం తడుముకోకుండా, "మళ్ళీ వేడెక్కించి ఉంటుంది సార్" అన్నాడు. నాలుగింటికి ఇంకో డ్రైవర్ని తీసుకొస్తానని, అప్పుడు ఆవిడ తాళం ఇచ్చెయ్యాలని ఓనరు చెప్పాడట.

ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు. నా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, "ఆడమనిషికి బండి ఇచ్చేవాడి కోసం రెండేళ్ళు తిరిగానన్నా. బండి తగలేసిందని పేరొచ్చాక ఇంకెవడిస్తాడు?" అంది. నేను బానెట్ ఎత్తాను. ప్లగ్గులు, కాయిళ్ళు ఒకటికి రెండుసార్లు చూశాను. కరెంటు వైపు ఏ లోపమూ లేదు.

మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికి వెళ్ళాను. బావ రాలేదు.

"ఏరా, మీ బావకి నా మీద కోపమేమైనా ఉందా?" అని అడిగింది అక్క, వడ్డిస్తూ.

"ఎందుకే?"

"కూరకి వంక పెట్టి మూడు నెలలైంది. మొన్న అడుగంటి ఇల్లంతా కంపు కొట్టింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఈయన వంటింటి గుమ్మంలోనే కూర్చుని పేపరు చదువుతున్నాడు! పైగా అదే కూర తిని బావుందన్నాడు. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడైనా అన్నాడా?"

మనసులో లెక్క వేసుకున్నాను. మూడు నెలల కిందట జ్వరంతో బావ పది రోజులు మంచాన పడ్డాడు.

భోజనం సగంలో వదిలేసి షెడ్డుకి వచ్చాను. గ్యాసు బళ్ళవాళ్ళు పెట్రోలు పోయించరు కదా, ఆ కారు ట్యాంకు ఎండిపోయి ఉంది. నా స్కూటర్లోంచి లీటరు తీసి పోశాను. పెట్రోలు మీద స్టార్ట్ చేస్తే ఇంజను నున్నగా నడిచింది, మిస్సింగ్ లేదు, డబ్బాలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. గ్యాసుకి మార్చాను. రెండు నిమిషాల్లో నీళ్ళలో బుడగలు లేచాయి, పైపు బిగుసుకుంది, బండి కుంటడం మొదలుపెట్టింది. మళ్ళీ పెట్రోలుకి మారిస్తే బుడగలు ఆగిపోయాయి.

గ్యాసు కిట్టులో రెడ్యూసర్ అని ఒకటుంటుంది. సిలిండర్లోంచి వచ్చే గ్యాసు అందులో గడ్డకట్టకుండా ఇంజను వేడినీళ్ళు దాని చుట్టూ తిరుగుతాయి. నీళ్ళకీ గ్యాసుకీ మధ్య పల్చటి గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడకి చిల్లి పడి గ్యాసు నీళ్ళలో కలుస్తోంది. ఆవిడ మొదటి రోజు చెప్పింది అదే.

బావని షెడ్డు వెనక్కి పిలిచాను. "వాసన ఎప్పట్నుంచి రావట్లేదు బావా?"

చేతులు తుడుచుకుంటున్నవాడు గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "జ్వరం తగ్గినప్పట్నుంచి."

"మరి చెప్పవేం?"

"ముక్కు మేస్త్రికి ముక్కు పనిచెయ్యట్లేదంటే బండి ఎవడిస్తాడ్రా?"

పొద్దున ఆవిడ అన్నదీ దాదాపు అదే మాట. అయినా నేను చెప్పిన సలహా ఏమిటో దాచుకోను. "గ్యాస్కెట్‌తో పాటు రెడ్యూసర్ కూడా పోయిందని చెప్పేద్దాం బావా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. బావ స్టూలు మీద కూర్చున్న ఆవిడ వైపు చూశాడు.

నాలుగింటికి ఓనరు కొత్త డ్రైవర్ని వెంటేసుకుని వచ్చాడు. ఆవిడ లేచి తాళం చాపింది.

"ఉండమ్మా," అన్నాడు బావ. "సార్, ఈ అమ్మాయి తప్పేం లేదు. గ్యాస్కెట్ బాగానే ఉండేది, ఊరికే ఇప్పాను. నీళ్ళలో గ్యాసు కలుస్తోందని తను మొదటి రోజే చెప్పింది, నేను వినలేదు. నాకు వాసన తెలియడం లేదు సార్. మూడు నెలలైంది."

"తెలియకపోతే మరి అన్ని బళ్ళకీ అలా ముక్కెందుకు పెడుతున్నావయ్యా?"

"అలవాటు సార్. పరువు కూడా."

ఈ మాటలు వింటున్న ఇంకో కారాయన తన తాళం నెమ్మదిగా బల్ల మీంచి తీసి జేబులో వేసుకున్నాడు. బావ అది చూశాడు. ఓనరు కాసేపు కస్సుబుస్సులాడి, చివరికి కొత్త డ్రైవర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. తాళం ఆవిడ చేతిలోనే ఉంది.

మర్నాడు రెడ్యూసర్ మార్చి, పాత నీళ్ళు వదిలేసి, కొత్త నీళ్ళు పోసి, గ్యాసు మీద అరగంట నడిపాం. పైపు వేలితో నొక్కితే మెత్తగా నొక్కుకుంటోంది. మిస్సింగ్ లేదు. ఇంజను ఆపి, చల్లారాక బావ డబ్బా మూత తీశాడు. అలవాటు కొద్దీ సగం వంగి, ఆగి, పక్కకి జరిగాడు.

"నువ్వు చూసి చెప్పు తల్లీ. నీ మాట మీదే బానెట్ వేస్తాను."

ఆవిడ వంగి వాసన చూసింది. నమ్మకం చాలక మళ్ళీ వంగింది.

"గ్యాసు వాసన లేదు మేస్త్రిగారూ," అంది. "మల్లెపూలదీ లేదు."

ఈసారి ముందు నవ్వింది బావే. నాకు మాత్రం నవ్వు రాలేదు, సిగ్గేసింది.