పొద్దుగూకే వేళ మా ఇంటి చదువు

మొన్న ఆదివారం మా వెనక వీధిలో ఉండే ఒక చిన్న వయసు తల్లి, ఆరేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. పిల్లను బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పుకోవాలనుకుంటున్నానని, మన ఇబ్రహీంపట్నంలో ఆ పని ముందే చేసినదాన్ని నేనని ఎవరో చెప్పారని, అప్పట్లో నేను రాసుకున్న నోటుపుస్తకాలుంటే ఒకసారి చూస్తానని అడిగింది. ఇచ్చి పంపించాను. ఆ పుస్తకాల్లో నేను రాయనిదొకటి ఉంది. పిల్ల ఎదురుగా దాన్ని చెప్పడానికి నోరు రాలేదు. నా ఈడు తల్లులు చదువుతారు కదా అని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను టీచర్ ట్రైనింగ్ చేసి, నాలుగేళ్ళు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లల్ని గొర్రెల్లా తోలే ఆ పద్ధతి నాకు గిట్టేది కాదు. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా వాళ్ళ టీచరు పిలిపించి, బోర్డు మీది ఒక వరుస ఎక్కించుకుని తర్వాతి వరుస వదిలేస్తుందని, నడిస్తే పక్క పిల్లల మీద పడుతుందని, ధ్యాస లేదని చెప్పింది. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది కానీ, పిల్ల అరచేతి మీద స్కేలు వాత చూశాక నాకింకేమీ వినబడలేదు. మర్నాడే మాన్పించాను. బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే మా ఆయన, నీకు తెలిసిన పనే కదా అని ఊరుకున్నాడు.

నా పద్ధతి తేలికైనది. పిల్ల ఏం చేసినా తప్పనకూడదు, తను అడగనిదే చెయ్యందించకూడదు. చదివేటప్పుడు వరుసలు దాటేసి, మధ్యలో తప్పిపోయిన కథను తనే అల్లుకుని చదివేది. ఎంత ఊహ ఉందో అని మురిసిపోయాను. మా ఆయన దుకాణంలో రాగి తీగ చుట్లు చూడకుండా, వేళ్ళతోనే లెక్కపెట్టేది. వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను. పెన్సిలు కాలి పక్కనే పడితే నేలంతా తడిమేది. వెతుక్కోవడం కూడా చదువేనని, ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. మంచం కోడు రోజూ తగిలి మోకాళ్ళు ఎప్పుడూ కమిలి ఉండేవి. ఆటల్లో దెబ్బలు తగలవా అనుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు, వాకిట్లో ఇంకా ఎండ ఉండగానే, అమ్మా జర లైటెయ్యి అని అడగడం మొదలుపెట్టింది. దాన్ని చీకటి భయం అనుకుని, భయం పోవాలంటే అలవాటు చేయాలని కొన్నాళ్ళు లైటు వేయకుండా ఆపాను.

మా అత్త నాకు సొంత మేనత్తే. మంచాల అనే ఊళ్ళో ఆమెకు కాస్త మెట్ట పొలం ఉండేది. సెలవులంటూ లేని మాకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది.

"పొద్దుగూకితే పిల్లకు కండ్లు ఆనుతలేవు. మా చిన్నాయనకు గిట్లనే ఉండె. దవాఖానకు తీస్కపో."

పిల్ల మనసు మీకు తెలియదని కసిరాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కానీ, ఆనాటి నుంచి సాయంత్రమైతే పిల్ల వెనకాలే తిరిగేది. నాకు అది కూడా నచ్చేది కాదు.

అమ్మాయికి పదో ఏడు నడుస్తుండగా, ఒక సాయంత్రం కంది చేలో ఉన్నాం. చేను మధ్యలో చుట్టూ గోడ లేని పాత బావి. పిల్లకు ఆ చోటు బాగా తెలుసు, పగలు దాని చుట్టూ ఎన్నోసార్లు నడిచింది. పొద్దు గుంకింది, నాకు మాత్రం అన్నీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. ఇంటికి పోదాం రమ్మని అవతలి గట్టు మీద నుంచి పిలిచాను. పిల్ల నా గొంతు వినవచ్చిన వైపు తిరిగి, చక్కగా నవ్వుతూ నడిచి వచ్చింది. మా ఇద్దరి మధ్యనే బావి ఉంది. చుట్టూ తిరిగి వస్తుందిలే అనుకుని మళ్ళీ పిలిచాను. అది తిరగలేదు.

"ఆగు బిడ్డా, అడుగెయ్యకు," అంది మా అత్త. అరవలేదు, అరిస్తే ఉలిక్కిపడుతుందని కాబోలు. వెనక నుంచి వచ్చి జడ పట్టుకుని గుంజి, పిల్లతో పాటే వెల్లకిలా పడింది. అంచు మట్టి పెళ్ళలు కొన్ని విరిగి నీళ్ళలో పడిన చప్పుడు నాకు వినిపించింది.

నేను పరుగెత్తి వెళ్ళి, బావి కనబడలేదా అని అడిగాను. పిల్ల నన్ను వింతగా చూసింది.

"చీకటైతే ఎవ్వలకు కనవడదు గద అమ్మా. అందరు గట్లనే నడుస్తరు అనుకున్న."

పట్నంలో కంటి దవాఖానలో పిల్ల కళ్ళలోకి చాలాసేపు చూసిన డాక్టరు, మీది మేనరికమా అని అడిగారు. చూపు చుట్టూరా అంచుల నుంచి మూసుకుపోతూ వస్తోందని, ముందే వచ్చినా ఆపగలిగేవాళ్ళం కాదని, కానీ పిల్ల మూడేళ్ళు ఒంటరిగా తడుముకోవలసిన పని ఉండేది కాదని చెప్పారు. తిరుగు బస్సులో మా ఆయన, కిటికీలోంచి కనిపించేవన్నీ పిల్లకు చూపిస్తూ కూర్చున్నాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అమ్మాయిని మళ్ళీ బడిలో వేశాం. కిటికీ పక్కన మొదటి బెంచీలో కూర్చుని పది పూర్తి చేసింది. ఇప్పుడు పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పుస్తకం ఫోనే చదివి వినిపిస్తుంది. చూపు నాణెమంత మిగిలింది. నామీద దానికి కోపం ఉన్నట్టు కనిపించదు. నిజంగానే లేదా అని అడగడానికి భయపడతాను.

మా అత్త పోయింది. మంచాల పొలం అమ్మేశాం, ఆ సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదు. బావిని పూడ్చి, పైన తారు రోడ్డు వేసి, రెండు పక్కలా ప్లాట్ల నంబర్ల రాళ్ళు పాతారు. మొన్న అటు వెళితే మా చేను ఏదో నాకే తెలియలేదు. మర్నాడు ఫోనులో అమ్మాయి ఆ పొలం సంగతి అడిగింది, గట్టు మీద మోదుగు ఈ ఏడు పూసిందా అని. దాని కళ్ళలో ఆ చేను ఇంకా పచ్చగానే ఉంది.

పూసింది, ఎర్రగా పూసింది అని చెప్పాను.