మత్తు విభాగంలో రెండు ఖాళీ గళ్లు

నేను మగ్గాల ఇంట్లో పుట్టాను. కండెలు చుట్టడానికి ఒక చెయ్యి తక్కువవుతుందని నన్ను బడికి పంపలేదు. వరంగల్‌లో ఒక సర్కారు దవాఖానలో, మత్తు డాక్టర్ల విభాగంలో అటెండరుగా చేరినప్పుడు జాయినింగ్ కాగితం మీద వేలిముద్ర వేశాను. అక్షరాలు నేర్చుకుంది ఉద్యోగం చివరి రోజుల్లో. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

కరోనా తగ్గాక వచ్చిన మొదటి ఎండాకాలం. రాబోయే పదేళ్లలో ఎంతమంది మత్తు డాక్టర్లు కావాలో అంచనా వేసి పంపమని హైదరాబాదు నుంచి మా విభాగానికి ఉత్తర్వు వచ్చింది. ఎంబీబీఎస్ చదివినవారు మత్తు డాక్టరు కావాలంటే మూడేళ్లు శిక్షణ పొందాలి. ఆ శిక్షణ స్థానాన్నే సీటు అంటారు. ఇవాళ సీటు అడగకపోతే మూడేళ్ల తర్వాత డాక్టరు ఉండడు.

మా దగ్గర శిక్షణలో ఉన్నది ఇద్దరే. నెక్కొండ వైపు నుంచి, పాలకుర్తి వైపు నుంచి కష్టమైన కాన్పులన్నీ మా దగ్గరికే వచ్చేవి. ఆ ఇద్దరిలో ఒకరైన స్వాతి డాక్టరమ్మ డ్యూటీ మీద డ్యూటీ చేసి, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది.

"లచ్చక్కా, జర నాకే మత్తియ్యి. లేపకు," అనేది.

"నిన్ను లేపకపోతే పెద్ద మేడం నన్ను పండవెడ్తది బిడ్డా," అనేదాన్ని.

అప్పటికే దవాఖానలో కొత్త ఆపరేషన్ థియేటరు కడుతున్నారు. సీట్లు పెరిగితే వచ్చేవారిని అక్కడ వేయాలని, స్వాతి డాక్టరమ్మ డ్యూటీ బోర్డు చివర పగటికొకటి, రాత్రికొకటి గళ్లు గీసి పెట్టింది. వాటిలోనే నాతో అక్షరాలు దిద్దించింది. "సీట్లొచ్చేదాంక ఇది నీ పలకనే అక్కా," అంది.

అంచనా కట్టింది విభాగం పెద్ద ప్రొఫెసర్ మేడం. ఏ ఊళ్లో కొత్త థియేటరు వస్తుంది, ఆపరేషన్లు ఎంత పెరుగుతాయి, ఎవరు ప్రైవేటుకు పోవచ్చు, ఎవరు ఎప్పుడు రిటైరవుతారు అని అన్నీ వేసింది. చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్న మత్తు డాక్టర్లందరికీ ఫోన్ చేసి పుట్టిన తారీఖు అడిగేది. "ఏంది మేడం, నాకేమన్న సంబంధం చూస్తాండ్రా?" అని ఒక డాక్టరు అన్నాడని చెప్పి ఆమె నవ్వడం నాకు గుర్తు. ఆ నెలలో ఆమె నవ్వింది అప్పుడే.

ఆ అంచనాను బట్టి సీట్లు పెంచవచ్చో లేదో చూడడానికి తర్వాత తనిఖీ జరిగింది. తనిఖీ రోజు పాఠం చెప్పే డాక్టర్లంతా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని హోదా వరుసలో కూర్చోవాలి. ముందు ప్రొఫెసర్, ఆ తర్వాత అసోసియేట్, చివర అసిస్టెంట్లు. నేను చాయ్ ఇస్తున్నాను. వచ్చిన పెద్దాయన అంచనా మొత్తం చదివి, అవసరం నిజమేనన్నాడు. ఆ తర్వాత, మీ రిటైర్మెంటు ఎప్పుడని మేడంను అడిగాడు. వచ్చే ఏడాది అంది. ప్రొఫెసర్‌ను బట్టే సీట్లు ఇస్తారు, మీ తర్వాత ఎవరని అడిగాడు. పక్కన కూర్చున్న అసోసియేట్‌కు ప్రమోషన్ రావడానికి ఇంకా సర్వీసు చాలదు.

ఆయన వెళ్లాక మేడం సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుంటూ, "అందరి పుట్టిన తారీఖులు అడిగిన స్వాతీ. మనయి అడగలే," అంది.

మా దగ్గర పాఠం చెప్పడాన్ని వేరే పనిగా ఎవరూ చూసేవారు కాదు. ఒక కేసుకూ ఇంకో కేసుకూ మధ్య, థియేటరు గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవారు. డ్యూటీ బోర్డు మీద ప్రతి ఆపరేషన్ బల్లకూ గడి ఉండేది, పాఠానికి ఉండేది కాదు. అంచనాలోనూ అంతే అయింది.

కొత్త ప్రొఫెసర్ వచ్చేదాకా సీట్లు పెంచలేమని కబురు వచ్చింది. థియేటరు మాత్రం ఆగలేదు. ఆ వారమే తెరుస్తామన్నారు. స్వాతి డాక్టరమ్మకు ఇంకా రెండేళ్ల శిక్షణ ఉంది. "ఫికర్ చేసి ఏం లాభం అక్కా, గిట్లనే నడుస్తది," అంది.

ఎంతమంది డాక్టర్లు కావాలో లెక్క వేసే ముందు, వాళ్లకు నేర్పేవారు ఎంతకాలం ఉంటారో చూడాలి. ఒక ప్రొఫెసర్ తయారు కావడానికి సీటుకు పట్టే మూడేళ్ల కంటే ఎక్కువ ఏళ్లు పడతాయి. ఆ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఇది.

మరునాడు పొద్దున తడిగుడ్డతో ఆ రెండు గళ్లలోని నా అక్షరాలు తుడిచాను. స్వాతి డాక్టరమ్మ గోడకు ఆనుకుని, కళ్లు తెరవకుండానే ఏం రాయాలో చెప్పింది. పగటి గడిలో ఆమె పేరు రాశాను. రాత్రి గడిలోనూ ఆమె పేరే రాశాను.