యాకోబు పెట్టెకు తవ్విన గుంత

ఓడ మీద విన్నన్ని దయ్యాల కథలు నేను మరెక్కడా వినలేదు. ఒక్కటీ నమ్మలేదు. తుఫాను వేళ స్తంభం కొసన నీలిమంట కనబడితే తోటి కళాసీలు దండం పెట్టేవారు. అది గాలిలోని విద్యుత్తు అని వాళ్లకు చెప్పింది నేనే. బొంబాయిలో ఒక చదువుగదిలో పుస్తకం చూసి తెలుసుకున్నాను. నిజాం కాలంలో నేను బడిలో చదివింది ఉర్దూలో నాలుగు తరగతులే. తెలుగు అక్షరాలు చర్చి కీర్తనల పుస్తకంలో నేర్చుకున్నాను. మిగతాదంతా గ్రంథాలయాలు పెట్టిన భిక్ష. ఏ వింత విన్నా ముందు పుస్తకంలో వెతకడం నాకు అలవాటు. ఇప్పుడు రాయబోయేది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మాది ఆసిఫాబాద్ మిషన్ వాడ. పోలీసు చర్య జరిగిన మరుసటేడు నేనూ మా పక్కింటి యాకోబూ పని వెతుక్కుంటూ బల్లార్షా మీదుగా బొంబాయి పోయాం. ఇద్దరికీ మరాఠీ వచ్చు కాబట్టి రేవులో ఇబ్బంది పడలేదు. సరుకుల ఓడలో కళాసీలుగా చేరాం. డెక్కు కడగడం, తాళ్లు లాగడం, తుప్పు గీకి రంగు వేయడం మా పని. సముద్రమే లేని జిల్లా నుంచి వచ్చామని మా మేస్త్రీ, అంటే సరంగు, మమ్మల్ని జంగిలోళ్లని ఏడిపించేవాడు.

కొన్నేళ్లకు ఓడ ఏడెన్ నుంచి తిరిగి వస్తుండగా యాకోబు జ్వరంతో చనిపోయాడు. రేవు ఇంకా దూరం. ఎండలు మండుతున్నాయి. ఓడ ఆచారం ప్రకారం శవాన్ని మందపాటి కాన్వాసు గుడ్డలో కుట్టి, కాళ్ల దగ్గర ఇనుప ముక్కలు పెట్టారు. ఇంజను ఆపారు. కెప్టెన్ ప్రార్థన చదివాడు. సరంగు తన పద్ధతిలో దువా చేశాడు. శవాన్ని ఉంచిన చెక్క పలకను ఒక మూల పట్టుకున్నది నేనే. అది వంచాక చేతిలో బరువు ఒక్కసారిగా పోవడం ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

యాకోబు తల్లి రాహేలును నేను పెద్దవ్వా అని పిలుస్తాను. ఆమెకు ఉత్తరం రాశాను. సెలవు దొరకగానే యాకోబు రేకు పెట్టె తెచ్చి అప్పగించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గ్రంథాలయం నుంచి అట్లాసు తెచ్చి చోటు కూడా చూపించాను. ఆమె ఆ నీలిరంగు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"గిక్కడ జరంత మన్ను కూడ లేదా కొడుకా?" అంది.

మా దగ్గర ఈస్టరు ముందు శనివారం ఎవరి వాళ్ల సమాధులకు వాళ్లు సున్నం వేస్తారు. మర్నాడు తెల్లవారకముందే అక్కడ కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. రాహేలవ్వ భర్తను బెల్లంపల్లిలో పూడ్చారు. మా ఊరి సమాధుల్లో ఆమెకు ఎవరూ లేరు. అయినా సున్నం బకెట్టు పట్టుకుని వచ్చేది. ఎప్పుడో పోయిన ఒక మిషన్ దొరసాని బిడ్డ సమాధి మూలన పడి ఉండేది. దానికి వేసేది.

"దొరలతోని చుట్టరికం ఎప్పటి సంది రాహేలూ?" అని ఆడవాళ్లు అంటే, "ముందుగాల నీ అత్త సమాధి సూస్కో పో. కోడలున్న సమాధి లెక్కనే లేదు," అనేది.

నవ్వులాట అలా ఉండగా లోపలి బాధ వేరే. శవాన్ని చూడలేదు కాబట్టి కొడుకు పోయాడని ఆమె మనసు ఒప్పుకోలేదు. యాకోబు ఏదో దేశంలో ఓడ దిగిపోయి ఉంటాడని, నేను దాస్తున్నానని వాడలో కొందరు అనేవారు. ఆమె నన్నెప్పుడూ అడగలేదు. కానీ వాడి కంచంలో అన్నం పెట్టి మూత వేయడం మానలేదు.

నేను ఓడ పని మాని ఇల్లు చేరేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయింది. సముద్రం మీది బతుకును గురించి ఒక వారపత్రికకు రాయడం మొదలుపెట్టాను. నడి సముద్రంలో శవాన్ని ఎలా సాగనంపుతారో ఒకసారి రాశాను. పేరు పెట్టలేదు. సంఘపెద్ద ఆశీర్వాదం సారు దాన్ని చర్చి వరండాలో పైకి చదువుతుంటే రాహేలవ్వ విన్నది. మర్నాడు మా ఇంటికి వచ్చింది. యాకోబు పెట్టెను సమాధుల తోటలో పూడ్చి పెట్టించమని అడిగింది.

ఆశీర్వాదం సారు ఒప్పుకోలేదు. "ఖాళీ పెట్టెకు సమాధా? రేపు గా పిలగాడు పెండ్లాంతోని దిగితే మనం మొఖం ఏడ పెట్టుకుందాం?" అన్నాడు. చివరికి పాస్టరుగారు సరేనన్నారు.

ఈస్టరు ముందు శనివారం పొద్దున్నే రాహేలవ్వ అల్లుడు దావీదు గుంత తవ్వాడు. బెల్లంపల్లి బొగ్గు గనిలో పనివాడు, ఒక్కడే నడుము లోతు తీశాడు. పైన నల్లమట్టి, కింద మొరం. పార తగిలితే నిప్పురవ్వలు లేచేంత గట్టిగా ఎండిన నేల. ఆ ఏడు మిషన్ బావిలోనే చేద అడుగు తాకుతోంది.

పెట్టె దించే సమయానికి రాహేలవ్వ దాని మీద పడిపోయింది. రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు.

"నా కొడుకు బతికుంటె? బతికున్నోనికి గోరి కట్టిన తల్లినైత కదా! నేను ఇయ్య. తీస్కపోతా."

ఆశీర్వాదం సారు నా వైపు చూశాడు, నేను చెప్పలేదా అన్నట్టు. కూతురు ఏడుస్తోంది. వాణ్ని సముద్రంలో వదలడం నేను చూశానని మళ్లీ చెప్పబోయాను. ఎన్నోసార్లు చెప్పిన మాటే.

అప్పుడు గుంతలో ఉన్న దావీదు నాతో, "బావా, నీళ్లు," అన్నాడు.

వాడి కాళ్ల కింద మొరం తడిసి నల్లబడింది. చూస్తుండగానే పాదాలు మునిగాయి. వాడు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. "థూ! ఉప్పు! ఉత్త ఉప్పు!"

"ఎవడో సున్నపు బకెట్టు ఒంపిండు," అన్నాడు ఆశీర్వాదం సారు. నేను వంగి దోసిట్లోకి తీసుకున్నాను. నీళ్లు తేటగా ఉన్నాయి. నోట్లో పోసుకున్నాను. ముందు ఉప్పు, ఆ వెనక గొంతులో నిలిచే చేదు. వంటుప్పు కలిపిన నీళ్లకు ఆ చేదు ఉండదు. పన్నెండేళ్లు ఆ నీటితో ముఖం కడుక్కున్నవాణ్ని, నాకు తెలుసు.

నా ముఖం చూసి రాహేలవ్వ పెట్టె వదిలి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి ముంచి నాకింది.

"నీ సముద్రం గిట్లనే ఉంటదా కొడుకా?"

"గిట్లనే ఉంటది పెద్దవ్వా."

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అల్లుడి వైపు తిరిగింది.

"అయితే దించుండ్రి," అంది.

దించాం. మట్టి వేశాం. ఆ రాత్రి నుంచి ఆమె యాకోబు కంచంలో అన్నం పెట్టడం మానేసిందని కూతురు చెప్పింది.

నేను ఊరుకోలేదు. అదే పూట మిషన్ బావి నీళ్లు తోడి తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి. తరువాత పక్కనే ఇంకొకరికి గుంత తీస్తే, ఇంకా లోతుకు పోయినా చుక్క పడలేదు. గని నీళ్లకు ఆ రుచి ఎన్నడూ లేదని దావీదు అన్నాడు. కరీంనగర్ గ్రంథాలయంలో భూగర్భశాస్త్రం పుస్తకం తీశాను. ఇక్కడి నేల కింద పాతకాలపు సముద్రం ఏదైనా ఉందేమోనన్న ఆశతోనే తీశాను. మా వైపు బొగ్గు అడవుల వల్ల, నదుల బురద వల్ల ఏర్పడిందని ఉంది. సముద్రం ఊసే లేదు. రాళ్ల సంగతి తెలిసిన ఒక ఇంజనీరును అడిగాను. ఆయన నవ్వి, ఎండదెబ్బకు నోరు చేదెక్కి ఉంటుందన్నాడు. మూడు నోళ్లకు ఒకేసారా అని అడిగాను.

పోయిన నెల రాహేలవ్వనే అడిగాను, ఆ నీళ్లు ఏమిటనుకుంటున్నావని. చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నేనేం జెప్త కొడుకా? సముద్రం సూసినోనివి నువ్వు. బుక్కులు సదివినోనివి నువ్వు. నువ్వే జెప్పాలె."

ఆమె పక్కన కూర్చుని కాసేపు బియ్యంలో రాళ్లు ఏరాను.