రైల్లో కట్టిన కట్టు

బర్మాలో ఇన్సేన్ ఊరి నుంచొచ్చే రైల్లో ఓ కుర్రాడు నా పక్కన కూకున్నాడు, మన తెలుగు క్రైస్తవుడే. ఒళ్ళో తెల్ల సిలువ కుట్టిన నల్ల అంగీ. మర్నాడు చర్చిలో మోకరించి, ఆళ్ళ మతంలో నైట్లనే వీరుల సంఘంలో చేరతాడట.

"వీరులంటే ఏటి బాబూ, కత్తీ గుర్రమా?"

"కాదమ్మా. రోగుల్నీ పేదోళ్ళనీ సూసుకుంటానని దేవుడి ముందు మాటివ్వాలి. నాకేమో పుండు వైపు సూడ్డమే సేతకాదు. మాటిచ్చి సెయ్యలేకపోతే?"

"దానికి రేపటిదాకా ఎందుకు? ఇదుగో," అని సుగరు పుండున్న నా కాలు సాపాను. కట్టు అప్పటికే జారిపోయింది.

మొహం తిప్పేసుకున్నాడు. ఆనక కింద కూకుని, పాదం ఒళ్ళో పెట్టుకుని కట్టాడు. ఆడదాని కాలు మగాడు పట్టడమేటని బర్మావోళ్ళంతా సూశారు.

"నొప్పెట్టిందా అమ్మా?"

"నీకే ఎక్కువ నొప్పెట్టినట్టుంది, నాయనా."

నవ్వేశాడు.

కట్టు వంకరగా వచ్చింది. ఇంటికొచ్చాక కోడలు విప్పి సరిగ్గా కడతానంది. ఈ పూటకి ఉండనీయే అన్నాను.