రుచి చూడని కుకీలు

ముందు తడిబూట్ల చప్పుడు వినిపించేది. నీళ్ళు పీల్చుకున్న రబ్బరు అడుగడుగుకీ చిన్నగా మూలిగేది. ఆ తరువాతే కారిడార్ మలుపులో ఉమామహేశ్వరి గారు కనిపించేవారు, ఆవిరికి ముడతలు పడ్డ వేళ్ళను ఏప్రన్‌కు తుడుచుకుంటూ.

అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఒక వృద్ధుల నివాసం అది. నేను ఆఫీసులో పనిచేసేదాన్ని. ఆవిడ వంటింటి వెనక గిన్నెలు కడిగే గదిలో. రెండువేల తొమ్మిదిలో, భర్త శేషగిరి గారికి లేఆఫ్ అయ్యాక చేరారు. మధ్యాహ్నం నా టేబుల్ పక్కన కాసేపు కూర్చునేవారు. మాట్లాడటానికి కాదు, నడుముకు కాస్త విరామం ఇవ్వడానికి. కిటికీ వెలుతురు ఆవిడ ముఖం మీద పడి, అదీ అలసిపోయినట్టు అక్కడే ఆగిపోయేది.

"ఆ గిన్నెల మెషీన్ తలుపు తీసినప్పుడల్లా నా ముఖం ఉడికిపోతోందే రేణూ," అనేవారు. "బేకింగ్ రూమ్ చూశావా? కిటికీ ఉంది. స్టూల్ ఉంది. కూర్చుని చేసుకోవచ్చు."

ఆ స్టూల్ కన్నా పెద్ద కోరిక ఆవిడ నోట నేను వినలేదు.

జూన్ మొదట్లో బేకింగ్ చేసే ఆవిడ రిటైర్ అయింది. ఈ దేశంలో తిండి పదార్థాలకూ పండుగలుంటాయి. జూన్ పన్నెండు పీనట్ బటర్ కుకీలది. మా నివాసంలో ఏ పండుగనూ వదలరు. కిచెన్ మేనేజర్ లిండా ఉమ గారిని పిలిచి, ఆ రోజు కుకీలు నువ్వు చెయ్యి, అందరికీ నచ్చితే ఆ గది నీదే, అని చెప్పింది.

చిక్కల్లా ఒకటే, కుకీల్లో గుడ్డు పడుతుంది. పిల్లల కోసం గుడ్డు కొట్టి కలపడం ఉమ గారు ఎప్పుడో అలవాటు చేసుకున్నారు. నోట్లో మాత్రం పెట్టరు.

"మరి రుచి ఎలా తెలుస్తుంది ఆంటీ?"

"వాసన చెప్తుందిలే. మా పిల్లల కేకులన్నీ అలాగే చేశా. మీ అంకుల్ తిని చెప్పేవారు."

ఆ ఉదయం నేను తొంగిచూసేసరికి ఆవిడ స్టూల్ మీద కూర్చుని ఉన్నారు. పిండిని లడ్డూల్లా అరచేతుల మధ్య గుండ్రంగా చుట్టి, ట్రేలో పెట్టి, ఫోర్కుతో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నొక్కుతున్నారు. చిన్న చిన్న పొలాల్లాంటి గళ్ళు. వేయించిన వేరుశనగ వాసన గదిని నింపి, తలుపు దాటి, మంచాల మీద పడుకున్నవాళ్ళను లేపుతోంది. అన్ని నెలల్లో ఆవిడ భుజాలు బిగువు వదిలి ఉండటం అప్పుడే చూశాను.

కుకీల్లో కలిపిన డబ్బా పీనట్ బటర్‌లో ఉప్పు ముందే కలిపి ఉందని ఆవిడకు తెలియదు. వేరుశనగ ముద్దే కదా అని, పల్లీపొడికి వేసే అందాజున ఉప్పు ధారాళంగా వేశారు.

మొదటి వాయి దిగగానే ఒకటి ప్లేట్లో పెట్టుకుని లేచారు. "అందరికన్నా పెద్దవాళ్ళకి ముందు పెట్టాలి. ఆయన బావుందంటే బావున్నట్టే," అని, తొంభై దాటిన వాల్టర్ గారి గదికి వెళ్ళారు. ఆయన నెమ్మదిగా, చివరి పొడి దాకా తిన్నారు. ఇంత మంచి కుకీ తిని ఎన్నేళ్ళయిందో అన్నారు. ఉమ గారు తిరిగొచ్చి మిగతా ట్రేలన్నీ ఓవెన్‌లోకి తోశారు.

మధ్యాహ్నం హాల్లో కాగితం తోరణాలు, గ్లాసుల్లో పాలు. అందరూ ఒక్కో కుకీ కొరికారు. పాలగ్లాసులు గబగబా ఖాళీ అయ్యాయి. మూలనున్న ఒక ముసలావిడ, "పాపం, బేకర్ ఏడుస్తూ కలిపినట్టుంది," అంది పక్కావిడతో. నేనూ ఒకటి తిన్నాను. ఉప్పుకి నాలుక చుర్రుమంది.

లిండా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "రుచి చూశావా?"

"వాల్టర్ చూశారు."

"వాల్టర్‌కి స్ట్రోక్ వచ్చాక నాలుకకి ఏమీ తెలియదు, ఉమా. పేపర్ నాప్‌కిన్ పెట్టినా బావుందనే అంటాడు." ఆమె గొంతులో కోపం లేదు. "వీళ్ళలో సగం మందికి బీపీ. వచ్చేవారం మళ్ళీ చెయ్యి. కానీ ముందు నువ్వు తిని చూడాలి. తన వంట తాను తినని బేకర్‌ని నేను పెట్టుకోలేను."

ఉమ గారు ఒక కుకీ చేతిలోకి తీసుకున్నారు. పెదవుల దాకా తెచ్చారు. మళ్ళీ ప్లేట్లో పెట్టేశారు.

"దేవుడేమీ అనుకోడు ఆంటీ," అన్నాను మెల్లగా తెలుగులో.

"దేవుడి గొడవ కాదే. యాభై ఏళ్ళుగా తినని నోరు. దానికి ఇప్పుడేం చెప్పి ఒప్పించను?"

లిండాతో కుదరదని చెప్పి, బల్లల మీది ప్లేట్లు, గ్లాసులు తనే పోగుచేసుకుని, ట్రాలీ తోసుకుంటూ ఆవిరి గదిలోకి వెళ్ళిపోయారు. బేకింగ్ గదిలోకి మరో వారానికి వేరెవరో వచ్చారు.

ఎండాకాలం అయిపోతుండగా శేషగిరి గారికి టెక్సాస్‌లో ఉద్యోగం దొరికింది. చివరి రోజు పార్కింగ్‌లో కార్ దాకా వెంట వెళ్ళాను. జాగ్రత్తలు చెప్పుకున్నాం. ఆవిడ తలుపు తీసి, సీట్లో కూలబడినట్టు కూర్చుని, బెల్ట్ పెట్టుకోకుండా నా వైపు చూశారు.

"ఆ రోజు నువ్వొకటి తిన్నావు కదూ. వెళ్ళిపోతున్నాగా, నిజం చెప్పు రేణూ. ఉప్పు ఒక్కటేనా, అసలు నా చెయ్యే బాలేదా?"